పిన్ని సైట్‌లో యాడ్స్ ఆపేస్తున్నా, తప్పు చేస్తున్నానా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఫోన్‌లో వచ్చే యాడ్స్ గురించే ఉన్నాయి, అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి జరిపి ఈ నాలుగూ తీసుకున్నా.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఏడెనిమిదేళ్ళుగా యాడ్స్ రాకుండా ఆపే యాడ్ బ్లాకర్ వాడుతున్నా, ఇంట్లో అందరి ల్యాప్‌టాప్‌లలో ఫోన్లలో కూడా నేనే పెట్టిచ్చా. మా పిన్ని విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది, తెలుగులో వంటల వెబ్‌సైట్ నడుపుతుంది, పచ్చళ్ళు పొడులు పిండివంటలు అన్నీ కొలతలతో సహా. మొన్న సంక్రాంతికి అందరం వాళ్ళింట్లో కలిసినప్పుడు అరిసెలకి పాకం ఎంత ముదరాలో చూద్దామని మా చెల్లి నా ఫోన్‌లో పిన్ని సైటే తెరిచింది. పిన్ని పక్కనుంచి చూసి "ఇదేంట్రా, ఇక్కడ యాడ్ ఉండాలే, ఖాళీగా ఉంది" అంది. బ్లాకర్ ఉంది పిన్నీ అని చెప్పా. తిట్టలేదు, "నువ్వు దాన్ని చూడకపోయినా పర్లేదురా, రానిస్తే చాలు కదా, నీ జేబులోంచి ఏమన్నా అడిగానా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోంది. ఇది దొంగతనం కిందకి వస్తుందా? ఫ్రెండ్స్‌ని అడిగితే యాడ్స్ అంటేనే దరిద్రం, మన ఫోన్ మన ఇష్టం అంటారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దొంగతనం అస్సలు కాదు తమ్ముడూ, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. కానీ పిన్ని చెప్పింది కూడా అక్షరాలా నిజం, అదెలాగో చెప్పాలంటే కాస్త పొడుగ్గా చెప్పాలి.

ఈ శీర్షిక రాయడానికి ముందు నేను పత్రిక యాడ్స్ సెక్షన్‌లో పని చేశా. బీసెంట్ రోడ్‌లో బట్టల షాపులు, ఏలూరు రోడ్‌లో పుస్తకాల షాపులు, వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల వాళ్ళు, గుంటూరు అరండల్‌పేట వెళ్తే కోచింగ్ సెంటర్లు, యాడ్ వేయమని రాయించుకునే రిలీజ్ ఆర్డర్ పుస్తకం సంచిలో వేసుకుని ఎండలో తిరిగిన దాన్ని. పాఠకుడు ఇచ్చే వెల కాగితం ఖర్చుకి కూడా చాలదు, మిగతాదంతా ఆ పావు పేజీలు అర పేజీలే మోస్తాయి, మీరు చదివే కథకి రచయితకిచ్చే పారితోషికం ఆ చీరల షాపు యాడ్ లోంచే వస్తుంది. ఇది ఇవాళ్టి సంగతీ కాదు. మన కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బొంబాయి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం పెట్టారు, సంగీత సభల్లో సీసాలు ఉచితంగా పంచి మరీ అలవాటు చేశారు, ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. మన భాషలో పత్రిక నిలబడ్డానికి వెనక సరుకు అమ్మిన డబ్బు ఉంది. కాబట్టి యాడ్ అంటేనే దరిద్రం అనే మాట నేను ఒప్పుకోను, మీ ఫ్రెండ్స్ చిన్నప్పటి నుంచీ చదివినవన్నీ యాడ్సే మోసుకొచ్చాయి.

మరి దొంగతనం ఎందుకు కాదంటే, వెబ్ పేజీ తెరుచుకునే తీరే వేరు. నువ్వు అరిసెల పేజీ అడిగావు, పిన్ని సర్వర్ ఇచ్చింది. ఆ పేజీలో ఒక చీటీ ఉంటుంది, "ఇప్పుడు ఫలానా చోటికి వెళ్ళి అక్కడి బొమ్మ తెచ్చుకో, ఇంకో చోటికి వెళ్ళి నీ వివరాలు చెప్పు" అని. నీ బ్రౌజర్ ఆ చోట్లకి వెళ్ళనంటుంది, అంతే. తాళం పగలగొట్టలేదు, లేనిది తీసుకోలేదు. మనం పేపర్లో పేజీ తిప్పేస్తాం, టీవీలో యాడ్ రాగానే వంటింట్లోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టొస్తాం, ఎవరన్నా దొంగ అన్నారా? జర్మనీలో పెద్ద పత్రికా సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ వాళ్ళు యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ తయారు చేసే ఐయో కంపెనీ మీద కేసు వేసి పై కోర్టు దాకా వెళ్ళారు, 2018 ఏప్రిల్‌లో ఆ కోర్టు బ్లాకర్ ఇవ్వడం అన్యాయమైన పోటీ కాదని తేల్చింది.

కానీ పేపర్లో పేజీ తిప్పేసినా చీరల షాపు వాడు నాకు డబ్బు ఇచ్చేశాడు తమ్ముడూ. పిన్నికి అలా కాదు. ఈ బొమ్మ యాడ్స్‌కి లెక్క ఏంటంటే యాడ్‌లో సగం భాగం తెర మీద ఒక్క సెకను కనిపిస్తే అది చూసినట్టు లెక్క, అలాంటివి వేలల్లో పోగైతే పైసలు. ఆవిడ "చూడకపోయినా రానివ్వు" అన్నది అందుకే. ఇలాంటి సైట్లకి యాడ్స్ ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో 10 డాలర్లు పోగయ్యాక అడ్రస్ నిజమా కాదా అని పోస్ట్‌లో పిన్ నంబర్ పంపుతారు, 100 డాలర్లు దాటితే గానీ బ్యాంకులో పడవు. మన దగ్గర తెలుగు పేజీకి పలికే రేటు అమెరికాలో ఇంగ్లీషు పేజీకి పలికేదానితో పోలిస్తే చాలా తక్కువ, ఆ 100 చేరడానికి చిన్న సైట్లకి నెలలకి నెలలు పడుతుంది. పైగా గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైతే తెలుగు భాష సైట్లకి 2018లో గానీ రాలేదు, పదిహేనేళ్ళు మన వాళ్ళు ఊరికే రాశారు. అంటే తెలుగులో రాసి నాలుగు రూపాయలు కళ్ళ చూడ్డం నిన్న మొన్నటి ముచ్చట, అందులో సొంత అక్క కొడుకు ఫోన్‌లోనే ఖాళీ గడి కనిపిస్తే ఆవిడకి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చే సంగతి. నువ్వు పేజీ తెరిచిన క్షణంలో వెనక వేలంపాట జరుగుతుంది. నువ్వు గుంటూరోడివి కాబట్టి ఇలా చెప్తే తెలుస్తుంది, మిర్చి యార్డులో టిక్కీ బస్తా విప్పి కాయ చూసి రేటు చెప్తారు కదా, ఇక్కడ విప్పి చూసేది నిన్నే. ఎక్కడున్నావు, ఏ ఫోను, నిన్న ఏం వెతికావు, అవన్నీ పాడేవాళ్ళ ముందు పెడతారు, గెలిచినవాడి యాడ్ వస్తుంది, ఓడినవాళ్ళకి కూడా నీ వివరాలు అందినట్టే. మధ్యలో దళారులు ఎంతమందో. బ్రిటన్‌లో యాడ్స్ ఇచ్చే కంపెనీల సంఘం 2020లో లెక్కలు తీయిస్తే యాడ్‌కి పెట్టిన డబ్బులో దాదాపు సగమే సైటు నడిపే వాళ్ళకి చేరుతోందని తేలింది, కొంత సొమ్ము ఎటు పోయిందో లెక్క తీసినవాళ్ళకే దొరకలేదు. అక్కడి గార్డియన్ పత్రిక వాళ్ళు 2016లో తమ సైట్లోనే తాము యాడ్ కొని చూసుకుంటే కొన్నిసార్లు పౌనుకి, అంటే వంద పెన్నీలకి, 30 పెన్నీలే తిరిగొచ్చాయి. నేను అర పేజీ తెస్తే నాకు కమిషన్ ఉండేది, ఏజెన్సీ వాళ్ళు 15 శాతం తీసుకునేవాళ్ళు, అదే ఎక్కువనుకునేవాళ్ళం.

ఇంకోటి, పేపర్లో యాడ్‌ని నేను కళ్ళతో చూసి ఓకే అంటే గానీ ప్రెస్‌కి పోదు. పిన్నికి ఆ వీలు లేదు, ఆవిడ పేజీలో ఏం వస్తుందో ఆవిడకే తెలియదు. పెద్దవాళ్ళకే తెలియలేదు, 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ సైట్లలోకి కూడా యాడ్స్ దారిలోనే వైరస్‌లు వచ్చి కంప్యూటర్లలో ఫైళ్ళు లాక్ చేసి డబ్బు అడిగే దాకా వెళ్ళింది. పాపప్ యాడ్ కోడ్ మొదట రాసిన ఈథన్ జుకర్‌మన్ గారు 2014లో క్షమించమని రాశారు, మా ఉద్దేశం మంచిదే అంటూ. ఉద్దేశాలు మంచివే అయ్యుండొచ్చు, భరించేది మాత్రం డేటా ప్యాక్ అయిపోయిన మనం.

అందుకని నేను తీసుకున్న నిర్ణయం చెప్తా. బ్లాకర్ ఉంచు, తెలియని చోట అది ఉండాల్సిందే, కానీ నువ్వు మళ్ళీ మళ్ళీ వెళ్ళే సైట్లని చేత్తో ఏరి వాటికి మినహాయింపు పెట్టు, బ్లాకర్ గుర్తు నొక్కితే ఆ ఒక్క సైట్‌కి ఆపేసే బటన్ ఉంటుంది. పిన్ని సైట్ మొదటిది. తర్వాత నీకు ఉపయోగపడే తెలుగు సైట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టు, పదికి మించవని నా అనుకోలు, పదింటికి తలుపు తీయడం కష్టం కాదు. మినహాయింపు పెట్టాక ఆ సైట్ నిన్ను మోసం చేసే డౌన్‌లోడ్ బటన్లు చూపిస్తే మళ్ళీ మూసెయ్, మొహమాటం వద్దు. నువ్వు వాడే బ్లాకర్ ఏదో కూడా చూసుకో. కొన్ని బ్లాకర్లు 2011 నుంచి "ఒప్పుకోదగ్గ యాడ్స్" అని జాబితా పెట్టి, దాంతో బాగా లాభపడే పెద్ద కంపెనీల దగ్గర అదనపు రాబడిలో 30 శాతం తీసుకుని మరీ వదుల్తాయి. చిన్నవాళ్ళకి ఉచితమే అంటారు, అయినా దారికి అడ్డంగా నిలబడి సుంకం వసూలు చేయడం నాకు నచ్చలేదు. యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ రాసిన రేమండ్ హిల్ అనే ఆయన విరాళాలు కూడా తీసుకోడు.

ఇంక పిన్నితో మాట్లాడాల్సింది ఒకటుంది, అది నువ్వే చెప్పాలి, బయటివాళ్ళు చెప్తే ఒప్పుకోరు. చాలా వంటల సైట్లలో గోంగూర పచ్చడికి ఉప్పెంతో తెలియాలంటే నాలుగు యాడ్లు దాటాలి, ఐదోది వేలి కిందకి వచ్చి దానంతటదే నొక్కుకుంటుంది, చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు అది ఎంత చిరాకో వండేవాళ్ళకి తెలుసు. ఆవిడ ఖాతాలో యాడ్స్ వాటంతటవే పెట్టుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడు, ఎన్ని రావాలో తగ్గించుకునే వీలుంది, తేలిగ్గా డబ్బు సంపాదించండి లాంటి రకాలని ఆపేసే వీలూ ఉంది. ఒక ఆదివారం కూర్చుని చేసిపెట్టు, నీకది గంట పని. ఇంకా మంచిదేంటంటే, వన్‌టౌన్‌లో ఇత్తడి సామాన్ల షాపు ఒకటో గానుగ నూనె అమ్మేవాళ్ళు ఒకరో, నెలకింత అని మాట్లాడి వాళ్ళ బొమ్మని ఆవిడ సైట్‌లోనే మామూలు ఫొటోలాగా పెట్టుకోవడం. వేలం లేదు, దళారి లేడు, ఎవరి వివరాలూ ఎవరికీ పోవు, మూకుడు కొనాలనుకున్నవాళ్ళకి పనికొస్తుంది కూడా. షాపుకి వెళ్ళి అడగడం మొదటిసారి బిడియంగా ఉంటుంది, రెండు మూడు షాపులు తిరిగితే పోతుంది, నాకు పోయింది.

ప్రశ్న: నమస్తే మేడం. మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. కస్టమర్ కేర్ నంబర్ కోసం ఫోన్‌లో వెతికి పైన వచ్చిన నంబర్‌కి చేస్తే వాళ్ళు ఏదో యాప్ వేయించి ఖాతాలో డబ్బు లాగేశారు. తర్వాత అన్నయ్య బ్లాకర్ పెట్టాడు. ఇప్పుడు నాన్న రోజూ చదివే వార్తల సైట్ "బ్లాకర్ తీస్తేనే చదవనిస్తాం" అంటోంది. ఆయన ఆపేయమ్మా అంటున్నారు. ఆపనా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మొత్తంగా ఆపొద్దమ్మా. ఆ ఒక్క వార్తల సైట్‌కి మినహాయింపు పెట్టి చూడండి, అందులో కూడా పిచ్చి యాడ్స్ వస్తుంటే మళ్ళీ మూసేసి నాన్నగారికి పేపర్ వేయించండి. పెద్దవాళ్ళ ఫోన్‌లో బ్లాకర్ అంటే బాత్‌రూమ్ గోడకి వేసే పట్టుకునే కడ్డీ లాంటిది, దాని గురించి నాకు రెండో ఆలోచన లేదు. అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్ళే 2022 డిసెంబర్‌లో జనాన్ని హెచ్చరించారు, సెర్చ్‌లో పైన డబ్బు కట్టి వచ్చే యాడ్స్‌లో అసలు కంపెనీల పేరు పెట్టుకుని మోసగాళ్ళు ఉంటున్నారు, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడండి అని. పోలీసులే చెప్పాక ఇక నీతి గురించి చర్చ ఏముంది.

ఆండ్రాయిడ్‌లో క్రోమ్ బ్రౌజర్‌కి బ్లాకర్ లాంటి ఎక్స్‌టెన్షన్లు ఎక్కవు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఎక్కుతాయి, నాన్నగారికి అదే అలవాటు చేయండి. ఇంతకంటే ముఖ్యమైనది, కస్టమర్ కేర్ నంబర్ ఎప్పుడూ వెతకొద్దని చెప్పండి, బ్యాంకుదైతే పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్నదే, గ్యాస్‌దైతే పుస్తకం మీద ఉన్నదే. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి, మా ఇంట్లో అలాగే ఉంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత ముందు డబ్బు దారిలో ఆగే అవకాశం ఉంటుంది. నాన్నగారి విషయంలో ఫిర్యాదు ఇచ్చారో లేదో మీరు రాయలేదు, ఇవ్వకపోతే ఆలస్యమైనా ఇవ్వండి. యాడ్ అని తెలియకుండా వార్తలాగానో డౌన్‌లోడ్ బటన్ లాగానో మారువేషం వేయడాన్ని మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది, అలాంటివి కనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. నాన్నగారిని మాత్రం ఇంట్లో ఎవరూ ఏమీ అనకండమ్మా, జీవితమంతా పిల్లలకి పాఠం చెప్పిన మనిషికి మోసపోయానన్న బాధే చాలా పెద్దది.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్, గుంటూరు. యూట్యూబ్‌లో యాడ్స్ ఆపితే వీడియో చేసేవాళ్ళకి నష్టమా? ప్రీమియం కొనేంత లేదు.
– ఒక విద్యార్థి, లక్ష్మీపురం

జవాబు: నష్టమే. మామూలు వీడియో మీద వచ్చే యాడ్ డబ్బులో 55 శాతం చేసినవాళ్ళకి వెళ్తుంది, యాడ్ రాకపోతే అదీ లేదు. యాడ్స్ లేకుండా చూడ్డానికి డబ్బు కట్టే ప్రీమియం వాళ్ళు చూసినా చేసినవాళ్ళకి వాటా వెళ్తుంది, దాని నెల ధర 2024లో 129 రూపాయల నుంచి 149 చేశారు, విద్యార్థులకి తక్కువ రేటు ఉంది. మామూలు వీడియోలు చేసేవాళ్ళకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం చూసిన గంటలు 4,000 దాటితే గానీ యాడ్స్ డబ్బులో వాటా మొదలవ్వదు, ఆ గీత దాటడానికి రాత్రిళ్ళు ఎడిటింగ్ చేసే పిల్లలు మీ కాలేజీలోనే ఉండుంటారు. యూట్యూబ్ మాత్రం బ్లాకర్ తమ నియమాలకి విరుద్ధమని 2023 నుంచి గట్టిగానే ఆపుతోంది. నీకు సబ్జెక్ట్ పాఠాలు చెప్పే ఛానెల్స్ ఉంటే వాటి వరకైనా యాడ్ రానివ్వు, అవి చూసే పరీక్ష పాసయ్యానని కింద ఒక కామెంట్ కూడా పెట్టు.

ప్రశ్న: అందరికీ చెప్పే మీ పత్రిక వెబ్‌సైట్ సంగతేంటి? కథ చదువుతుంటే కింద నుంచి వీడియో లేస్తుంది, దాన్ని మూసే గుర్తు చీమంత ఉంటుంది, మూయబోతే యాడ్ తెరుచుకుంటుంది. ముందు మీ ఇల్లు చూసుకోండి.
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: మీరు రాసింది ప్రతి ముక్కా నిజమండీ. మీ ఉత్తరం చదివి నా ఫోన్‌లో బ్లాకర్ ఆపి మన సైట్‌లో ఒక కథ తెరిచా, మొదటి పేరా అయ్యేలోపు మూడు వచ్చాయి, మూసే గుర్తు నాకు కూడా దొరకలేదు. కథ రాసినావిడ నాకు తెలుసు, ఆవిడ వాక్యం మధ్యలో వీడియో లేవడం చూస్తే కడుపు మండింది. ఉత్తరం ప్రింట్ తీసి వెబ్‌సైట్ చూసేవాళ్ళ దగ్గరికీ ఎడిటర్ గారి దగ్గరికీ పట్టుకెళ్ళా. గంటన్నర వాదన అయింది, యాడ్స్ తీసేస్తే జీతాలెలా అన్నారు, ఆ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు, నేను ఆ సీటులో కూర్చున్న దాన్నే. చివరికి పేజీ మొత్తం కప్పేసే యాడ్ తీసేశారు, కథల పేజీల్లో రెండుకి మించి ఉండకూడదని ఒప్పుకున్నారు, షాపుల దగ్గర్నుంచి నేరుగా తెచ్చే యాడ్స్‌కి ఒక జాగా పెట్టారు, దాని కోసం బీసెంట్ రోడ్‌కి మళ్ళీ నేనే వెళ్తున్నా. కింద నుంచి లేచే వీడియో మాత్రం ఇంకా ఉంది, వాళ్ళతో ఒప్పందం దసరా దాకా ఉందట. అది పోయేదాకా మా సైట్‌కి మీ బ్లాకర్ తీయకండి, ఆ వీడియో తీసేయగానే ఇదే శీర్షికలో రాస్తా, అప్పుడు ఒకసారి తెరిచి చూసి ఎలా ఉందో నాకు రాయండి.